అదనం

అచ్చులోంచి బొమ్మ ఊడిరాగానే, అంచుల వెంట పొంగిన రబ్బరును చెక్కేయడం ఆమె పని. బడులకు పంపే శరీర భాగాల బొమ్మలవి. గుండె, చెవి, మూత్రపిండం, ఏదైనా ఆమె బ్లేడు కిందనుంచి పోవాల్సిందే. అందుకే షెడ్డులో అందరికీ ఆమె బ్లేడక్క. ఈ వారం కొత్త అచ్చు వచ్చింది. ఆడదాని మర్మస్థానం, బయటికి కనిపించేంత మేర. పైకొసన గింజంత ఉబ్బు, ప్రతి బొమ్మకీ అదే చోట. అచ్చులో లోపమనుకుని రెండు బొమ్మలకు నున్నగా కోసేసింది. అనుమానం తీరక సూపర్‌వైజర్‌ని అడిగింది.

"అదా... అదనం. కోసెయ్," అన్నాడు ఎటో చూస్తూ. టీ దగ్గర రంగులేసేవాడి చెవిలో ఏదో ఊదాడు. ఇద్దరూ పళ్లికిలించారు. ఆమెకు ఒళ్లు మండింది. నిరుడు మగవాడి అంగం బొమ్మకు గోరంత గీత పడితే "కళ్లు నెత్తికెక్కాయా?" అని షెడ్డు ఎగిరిపోయేలా అరిచింది ఈ మహానుభావుడే.

మర్నాడు బొమ్మలు చేయించుకుంటున్న డాక్టరమ్మ స్వయంగా వచ్చింది. ఒకటి చేతిలోకి తీసుకుని, "దీన్నెవరు కోశారు?" అంది.

"నేనేనమ్మా. అదనమన్నారు."

పక్కనే ఉన్న సూపర్‌వైజర్‌కి సరిగ్గా అప్పుడే ఫోనొచ్చింది.

"అదనమేంటమ్మా! యోనిశీర్షం అంటారు. ప్రతి ఆడదానికీ ఉంటుంది. నీకూ ఉంది."

"దేనికమ్మా?"

"సుఖం తెలియడానికి. దానికి ఇంకే పనీ లేదు."

ఇంటికెళ్లే బస్సులో ఆమెకు ఒక్కొక్కరి మీదా అనుమానమే. ఈ సంగతి ఎవరెవరికి తెలుసు? పెద్దమనిషైనప్పుడు చేతిలో గుడ్డ పెట్టి, ఎవరితోనూ అనొద్దని నోరు నొక్కిన అమ్మకి తెలుసా? రెండు కాన్పుల్లో అక్కడంతా చూసిన నర్సులకి తెలియకుండా ఉంటుందా, ఒక్కరైనా అన్నారా? అందరి సంగతీ అలా ఉంచితే, ఆయన! పదహారేళ్ల కాపురం. "కట్టెలా పడుంటావు, నీలో చలనమే లేదు," అని ఎన్నిసార్లన్నాడు! నిజమే కాబోలు, తనలోనే ఏదో లోటని ఎంత కుమిలిపోయింది! అంటే తాళంచెవి జేబులో పెట్టుకుని, తలుపు తెరుచుకోదని తిట్టాడా ఇన్నాళ్లూ? ఉండనీ, ఇవాళ మొహం మీదే అడిగేస్తుంది. అంతలో కూతురు గుర్తొచ్చింది. పోయిన నెలే పెద్దమనిషైంది పిల్ల. "అమ్మా, మూత్రం వచ్చే దారీ, నెత్తురు వచ్చే దారీ ఒకటేనా?" అని అడిగితే "ఛీ, నోర్ముయ్!" అంది తను. కోపంతో కాదు, తెలియక. ఆ రెండూ వేరువేరు దారులని ఈ రోజు డాక్టరమ్మ బొమ్మ మీద చూపిస్తేనే తెలిసింది. ఆ రోజునుంచీ పిల్ల ఇంకేమీ అడగడం లేదు. ఇంకొన్నాళ్లు పోతే అడగాలని కూడా అనుకోదు. తనలాగే తయారవుతుంది.

డాక్టరమ్మని అడిగి తెచ్చుకున్న కోయని బొమ్మని తిన్నగా భోజనాల బల్ల మీద పెట్టింది.

"ఛీఛీ! అన్నం తినే చోట ఏంటే ఈ దరిద్రం? పిల్ల చూస్తుంది!" భర్త ఎగిరిపడ్డాడు.

"పిల్ల కోసమే తెచ్చాను."

"నీకు మతి పోయింది. ఇవి చెప్పాల్సినవా? మా అమ్మ చెప్పిందా? మీ అమ్మ చెప్పిందా?"

ఆమె పోలీసులా అతని మొహాన్నే చూస్తూ నిలబడింది. దొంగ ఎక్కడో ఒకచోట దొరక్కపోడు. కళ్లు తప్పిస్తాడా, తడబడతాడా? అతను కాసేపు సణిగి, గుమ్మం వైపు ఓసారి చూసి, మెల్లగా బల్ల మీదికి వంగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఏమే," అన్నాడు, పొరపాటు పట్టుకున్న సంబరంతో. "అచ్చు సరిగ్గా పడలేదే. ఇక్కడ పైన ఏదో అదనంగా ఉంది. కోయడం మర్చిపోయావు."

బస్సంతా కూడగట్టుకున్న కొట్లాట గొంతులోనే చప్పబడిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇతను దాచలేదు. దాచడానికైనా ముందు చూసి ఉండాలిగా!

"తల్లీ, ఇలా రా!" అని కూతుర్ని కేకేసింది. తర్వాత ఇంకో కుర్చీ కూడా లాగింది.

"మీరూ కూర్చోండి."