గుసగుస మాస్టారి సంతాప సభ

సంతాప సభలో ఎవరి తర్వాత ఎవరు మాట్లాడాలో నాటక సమాజం సెక్రటరీ ఫోన్‌లో చెబుతున్నాడు. తన వంతు అందరికంటే ఆఖర్న అని వినగానే జడ్జి ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు.

జడ్జి అంటే కోర్టు జడ్జి కాదు. మార్కెట్ వీధిలో కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. కుర్రతనంలో ఒక నాటకంలో జడ్జి వేషం వేశాడు. అది జనానికి ఎంత నచ్చిందంటే, అసలు పేరు కోసం ఇంట్లోవాళ్ళు కూడా తడుముకునే పరిస్థితి వచ్చింది. పోయిన పెద్దాయనదీ అదే కథ. పగలంతా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూడటం ఆయన ఉద్యోగం. సాయంత్రమైతే నాటకాల్లో పక్క తెర చాటున కూర్చుని నటులకు మాట అందించేవారు. ఊరు ఊరంతా ఆయన్ని గుసగుస మాస్టారనే పిలిచింది.

"నావల్ల కాదయ్యా, నన్నొదిలెయ్," అన్నాడు జడ్జి.

"మీరు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారండీ! మీ గొంతు వినడానికే సగం మంది వస్తారు," అని సెక్రటరీ ఫోన్ పెట్టేశాడు. అవతలివాళ్ళు చెప్పేది వినే అలవాటు ఆ మనిషికి పుట్టుకతోనే లేదు.

జడ్జి భయం వేరు. ముప్పై ఏళ్ళలో మాస్టారు కుడి పక్కన లేకుండా ఆయన ఒక్కసారి కూడా వేదిక ఎక్కలేదు. మాటలు కంఠతా రాక కాదు. అక్కడ ఆ మనిషి ఉన్నాడన్న ధీమాతోనే ఇక్కడ నోరు పెగిలేది.

మాస్టారు మాట అందించే తీరు కూడా లోకంలో లేనిది. మిగతావాళ్ళు మరిచిపోయిన మాటను విసిరేస్తారు, నటుడు దాన్ని అందుకుంటాడు. మాస్టారికి అదంటే ఒళ్ళుమంట. "మాట ఇస్తే అప్పజెబుతావురా అబ్బాయ్. పని ఇస్తే, మాట దానంతటదే వస్తుంది," అనేవారు. అందుకే "కుర్చీ పట్టుకో" అనో, "ఆమె వైపు చూడకు" అనో మాత్రమే గుసగుసలాడేవారు.

జడ్జి వేషం వేసిన మొదటిరోజే అది జరిగింది. సొంత తమ్ముడికి శిక్ష చెప్పాల్సిన చోట బుర్ర ఖాళీ అయిపోయింది. కుడి పక్క నుంచి "కళ్ళజోడు తీసి తుడువు" అని వినపడింది. తీశాడు. ఒక అద్దం తుడవడం అయ్యేసరికి మాట నోట్లోకి వచ్చేసింది. తమ్ముడికి శిక్ష వేయలేక జడ్జి ఎంత నలిగిపోతున్నాడో అనుకుని జనం చప్పట్లతో హాలు దద్దరిల్లగొట్టారు.

"ఆ చప్పట్లు ఎవరివి మాస్టారూ, నావా మీవా?" అని తర్వాత అడిగాడు.

"నీవేరా. నాకు చప్పట్లు కొట్టారంటే నేను దొరికిపోయానన్నమాట," అని నవ్వారు మాస్టారు.

అప్పట్నుంచి మీటర్లు చూడటం అయ్యాక రోజూ దుకాణానికి వచ్చి, చెప్పులు విప్పి, బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. ఆ చెప్పుల బురద గురించి జడ్జి సణుగుతూనే ఉండేవాడు, మరునాడు ఆయన కాస్త ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి దిక్కులు చూసేవాడు. తండ్రి కళ్ళజోడు బాగుచేయించడానికి ఒక అమ్మాయి వచ్చి, జడ్జి నోరు తెరుచుకుని చూస్తూ నిలబడిపోయిన రోజున కూడా అద్దాల అలమర వెనక నుంచి "కూర్చోమను" అని వినపడింది. కూర్చోమన్నాడు. ఆ అమ్మాయే ఇప్పుడు ఆయన భార్య. ఆ గుసగుస తనకూ వినపడిందని ఆవిడ పెళ్ళయ్యాక గానీ బయటపెట్టలేదు.

మాస్టారు పోయాక దుకాణంలో ఆ బల్ల మీద జడ్జి ఏమీ పెట్టలేదు. ఫ్రేముల పెట్టెలు నేల మీదే పేర్చుకున్నాడు.

సభ కోసం నాలుగు ముక్కలు రాసుకుని, దుకాణంలో అద్దాల ముందు నిలబడి కంఠతా పట్టాడు. వచ్చిన బేరాలు ఆయన్ని వింతగా చూసిపోయాయి.

"కాగితం చూసి చదవండి, ఎవరు కాదంటారు?" అంది భార్య.

"కాగితం చూసి చదివితే మాస్టారు లేచొచ్చి తిడతారు."

"అలాగైనా రానివ్వండి," అంది ఆవిడ.

ఆదివారం సాయంత్రం సభ. వాళ్ళ నాటకాలన్నీ ఆడిన హాలే. వేదిక మీద బల్ల, దాని మీద మాస్టారి ఫొటో, ముందు మైకు. నీళ్ళ ఆఫీసు పెద్దాయన మాస్టారి నిజాయితీ గురించి రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. సెక్రటరీ మాస్టారి గురించి మొదలుపెట్టి తన గురించి ముగించాడు. తర్వాత జడ్జిని పిలిచారు.

జడ్జి మైకు ముందుకొచ్చి "మాస్టారు..." అన్నాడు. అంతే. కంఠతా పట్టిందంతా ఎగిరిపోయింది. తనకు తెలియకుండానే తల కుడి పక్కకు వంచి, చెవి ఒగ్గి, ఎదురుచూశాడు.

ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. "అబ్బ, ఏం చేస్తున్నాడయ్యా! అచ్చం ప్రాణం పెట్టి చేస్తున్నాడు," అని ఎవరో పక్కవాడితో అన్నారు. వెనక నుంచి ఒకడు చప్పట్లు కొట్టాడు, వాడి వెనకే అందరూ మొదలుపెట్టారు. జన్మంతా ఆ చప్పట్ల కోసమే పడిచచ్చిన మనిషికి ఆ క్షణాన అవి చెంపమీద కొట్టినట్టు తగిలాయి.

"ఆపండి," అన్నాడు. "నేను నటించడం లేదు. నాకు మాట రావడం లేదు."

చప్పట్లు ఆగిపోయాయి. జడ్జి మైకు వదిలేసి, కుడి పక్క తెర వెనక్కి వెళ్ళిపోయాడు. మాస్టారి ముక్కాలి పీట అక్కడే ఉంది. దాని మీద తను ఏనాడూ కూర్చోలేదు, కూర్చోవాలనే ఆలోచనే రాలేదు. మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ముడుచుకుని కూర్చున్నాడు. కూర్చుని వేదిక వైపు చూశాడు. జనం కనపడలేదు. మైకు ముందు తను నిలబడే చోటు కనపడింది. అక్కడ నిలబడిన మనిషిలో ఇక్కణ్ణుంచి కనపడేవి ఒక చెవి, ఒక భుజం, మహా అయితే సగం చెంప.

"ఇక్కణ్ణుంచి ఏమీ కనపడదండీ," అన్నాడు. మైకు లేకపోయినా ఆ గొంతు ఆఖరి వరస దాకా వినపడింది. హాల్లో వాళ్ళకు మాత్రం ఖాళీ వేదిక, ఫొటో తప్ప ఏమీ కనపడటం లేదు. "ఫలానా చోట కనుబొమ్మ ఎక్కువ ఎత్తావురా, తగ్గించు అనేవారు. ఆ ఏడుపులో పెదవి అదిరింది చూడు, అది బాగుంది అనేవారు. ప్రతి నాటకానికీ మర్నాడు దుకాణానికొచ్చి చెప్పేవారు. ఇక్కడ కూర్చుంటే నా చెవి తప్ప ఏమీ కనపడదు కదా! మరి నా ముఖం ఎలా చూశారు మాస్టారూ?"

ముందు వరసలోంచి మాస్టారి భార్య గొంతు వినపడింది.

"నేను చూపించేదాన్ని మరిదిగారూ."

"మీరా వదినగారూ?"

"ఇంకెవరు! ఎప్పుడూ ముందు వరసలో నడిమి కుర్చీ నాది. నిజం చెప్పొద్దూ, నాకు నాటకాలంటే అంత ఇష్టం కూడా లేదు. నిద్రొచ్చేది. కానీ నిద్రపోతే ఇంటికెళ్ళాక ఊరుకునేవారా? కాళ్ళు కడుక్కోకుండానే మొదలు. 'అక్కడ వాడు ముఖం ఎలా పెట్టాడే, చూపించు' అనేవారు. వంటింట్లో నిలబెట్టి మళ్ళీ మళ్ళీ చేయించేవారు. మీరు వేసిన వేషాలన్నీ నేనూ వేశాను నాయనా, మీసాలు తప్ప."

హాల్లో నవ్వులు లేచాయి. ఆమె కూడా నవ్వింది.

"ఆస్పత్రిలో కూడా అడిగారు. ఆ ముసలి తండ్రి వేషం ఉంది చూడండి, కొడుకుని గుర్తుపట్టే చోటు. ఆ ముఖం ఒక్కసారి చూపించవే అన్నారు. నర్సు ముందే చేశాను. చూసి, ఎంత సంతోషించారో!"

పీట మీద జడ్జి తల ఎత్తాడు. "ఎలా చేశారు వదినగారూ?" అన్నాడు.

కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆమె లేచినట్టుంది. హాలు ఒక్కసారిగా మాటుమణిగింది. ఎవరో ముక్కు చీదారు. జడ్జి పీట మీద నుంచి ఇటు వంగాడు, అటు వంగాడు. తెర అంచు తప్ప ఏమీ కనపడలేదు. ఉండబట్టలేక లేచి, తెర తప్పించుకుని వేదిక అంచుకు వచ్చాడు.

అప్పటికే ఆమె చేయడం అయిపోయి, కొంగుతో ముఖం తుడుచుకుంటోంది.

"ఇంకోసారి వదినగారూ," అన్నాడు జడ్జి. "నేను చూడలేదు."