అన్నయ్య తీసేసిన వాషరు

అన్నయ్య పోయి మూడు వారాలైంది. నాకు ఏడుపు రాలేదు. అందరూ ఏడుస్తుంటే నేను కుర్చీలు సర్దాను. ఒంటికంతా మత్తుమందు ఇచ్చి ఎవరో మరిచిపోయినట్టుంది.

ఇవాళ మధ్యాహ్నం అన్నయ్య కూతురు ఆయన ఎయిర్ రైఫిల్ పట్టుకుని నా తుపాకుల రిపేరు షాపుకొచ్చింది. స్కూటర్ తాళాలు బల్ల మీద పడేసింది.

"బాబాయ్, ఆదివారం టీమ్ సెలక్షన్. ఒక్క గుండూ అనుకున్న చోట పడట్లేదు. నాన్న రైఫిల్‌తోనే కొడతా. కుదరకపోతే ఇక షూటింగే మానేస్తా."

మానేస్తే మానెయ్ అనబోయాను. నా నోరలాంటిది. దాని మొహం చూసి ఊరుకున్నాను.

జబ్బేమిటో నాకు తెలుసు. రెండేళ్ళ కిందట అన్నయ్య రైఫిల్ లోపల స్ప్రింగు వెనక ఒక వాషరు అదనంగా వేశాడు. స్ప్రింగు బిగిస్తే గుండు జోరుగా పోతుంది, నిజమే. కుదుపూ పెరుగుతుంది, గురి చెడుతుంది. వద్దని చెప్పాను.

"నేను గురి పెట్టేనాటికి నీకు లాగు బొత్తాలు పెట్టుకోవడం రాదురా!" అన్నాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు.

"అయితే నా షాపు గడప తొక్కకు" అన్నాను. తొక్కలేదు. నేనూ వెళ్ళలేదు. మధ్యలో ఉన్నవి రెండు వీధులు.

స్ప్రింగు ఎగిరి మొహాన కొట్టకుండా రైఫిల్‌ని బిగించి, మెల్లగా విప్పాను. నా మాటే నిజమని తేలబోతోంది కదా, కాస్త సంతోషమేమైనా వేస్తుందేమోనని చూశాను. ఏమీ వెయ్యలేదు.

స్ప్రింగు బయటికొచ్చింది. వెనక వాషరు లేదు. గొట్టంలోకి టార్చి వేసి చూశాను. లేదు. గ్రీజు కూడా నేను పూసినట్టే పలచగా ఉంది. అన్నయ్య అయితే గరిటెతో వడ్డించే రకం.

ఏమీ మార్చకుండా మళ్ళీ బిగించి, షాపు వెనక పది మీటర్లలో అట్ట పెట్టాను.

"కొట్టు."

రైఫిల్‌ని వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది.

"ఓరి దేవుడా, అదేం పారిపోదే! స్ప్రింగు రైఫిల్‌ని పిసికితే ఎదురు తిరుగుతుంది. అరచేతి మీద ఊరికే ఆననివ్వు. దాని కుదుపు దాన్ని కుదపనివ్వు."

"వదిలెయ్యమంటావా?" అంది. వేళ్ళు మాత్రం సడలించలేదు.

"వదలమనలేదు. పిసక్కు అన్నాను."

ఐదు గుండ్లు కొట్టింది. ఐదూ చొక్కా గుండీ కింద దాగేంత చోట పడ్డాయి. మూడు వారాల్లో అది నవ్వడం ఇదే మొదటిసారి.

"లోపల ఏం తీశావు బాబాయ్?"

"ఏమీ తియ్యలేదు. అందులో వాషరుండాలి, ఏమైంది?"

"అదా?" అంటూ బల్ల మీది తాళాలు తీసి చూపించింది. తాళాల గుత్తికి కోటు గుండీ అంత ఇనుప వాషరు వేలాడుతోంది. "మీ గొడవైన వారానికే తీసేశాడు. నువ్వొస్తే నీ చేతిలో పెట్టి, నువ్వే గెలిచావురా అంటాట్ట. పెద్దవాణ్ణి, ముందు నేనెలా వెళ్తాను, వాడే రానీ అనేవాడు."

గుత్తిలోంచి దాన్ని ఊడదీసి నా చేతిలో పెట్టింది. నేను కూర్చున్నాను.

"పిచ్చి వెధవ. రెండు వీధులు నడవలేకపోయాడు."

"నాన్ననలా అనకు బాబాయ్."

"మీ నాన్నని కాదమ్మా" అన్నాను.