సీలు వేసిన త్రాసు

యాభై ఎనిమిదేళ్లకు తండ్రయినవాడు ఏం చేయాలో ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే మన తూకాల మేస్త్రి అక్షరం వదలకుండా చదివేవాడు, అంత బుద్ధిమంతుడు. ముప్పై ఐదేళ్లుగా కొట్లవాళ్ల త్రాసులన్నీ ఆయనే బాగు చేస్తున్నాడు. పని విషయంలో ఎవరిచేతా ఒక్క మాట పడలేదు. పెళ్లయి ఇరవై రెండేళ్లు గడిచి, ఇక ఈ ఇంట్లో ఒక్క నలుసు కూడా పుట్టదని చుట్టాలు తీర్మానించేసి, జాలిపడటం కూడా మానేశాక, భార్య నలభై ఆరో ఏట ఆడపిల్లను కన్నది. రెండు కిలోల ఏడు వందల గ్రాములు.

ఆనందం సంగతి చెప్పక్కర్లేదు. భయం దానికి రెండింతలు. "ఈ వయసులో నా పాలు దీనికి చాలుతాయంటారా?" అని ఆవిడ రోజుకు పదిసార్లు అడిగేది. ఆసుపత్రి నర్సు ముందే చెప్పింది: "వారం వారం తీసుకొచ్చి తూకం వేయించండి. బరువు పెరక్కపోతే డబ్బాపాలు కూడా పట్టాలి."

మొదటి వారం ఇద్దరూ వెళ్లారు. వరుసలో ముందున్న పడుచుపిల్ల వెనక్కి తిరిగి, "మనవరాలా తాతగారూ? అమ్మాయి రాలేదా?" అంది. ఆ పిల్ల తప్పేముంది? నెరిసిన తల చూసి ఎవరైనా అలాగే అంటారు. కానీ మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చాక, "ఊరందరి త్రాసులు బాగు చేసేవాణ్ణి, నేను పోయి వరుసలో నిలబడటమేంటే! ఇక మనింట్లోనే తూద్దాం" అన్నాడు.

తన కొట్లో ఉన్నవాటిలోకెల్లా మంచి త్రాసు తెచ్చాడు. పళ్లెంలో పల్చటి నూలుగుడ్డ పరిచి, ఆ గుడ్డ బరువు లెక్కలోకి రాకుండా ముల్లును సున్నా మీద నిలిపాడు. ఆ తర్వాత పనిలో చేసే అలవాటు కొద్దీ, ముల్లును సరిచేసే మర ఇక ఎవరూ తిప్పకుండా దానికి సీసపు సీలు వేసేశాడు. సీలు పడిన త్రాసు మీద మళ్లీ చెయ్యి వేయకూడదు, అనుమానపడకూడదు. ఆయన పనికి అదే నీతి.

ఆ వారం రెండు కిలోల ఏడు వందల యాభై. పై వారం చలి ముదిరింది. రెండు కిలోల తొమ్మిది వందలు. ఆ పై వారం ఏకంగా మూడు కిలోల రెండు వందలు! ఒక్క వారంలో మూడు వందలా అని అనుమానం రావాలా, వద్దా? రాలేదు మహానుభావుడికి. ఎదురింటివాళ్లను పిలిచి మరీ చూపించాడు.

"నాకెందుకో చేతికి తేలిగ్గానే ఉందండీ. కాస్త డబ్బాపాలు పట్టిద్దామా?" అంది భార్య.

"నీ చేతులకు సీలుందేంటే?" అని నవ్వాడు మేస్త్రి. "నీ పాలే చాలుతున్నాయి. చూడు, ఏడవను కూడా ఏడవదు నా బంగారుతల్లి."

నిజమే. ఏడవడం లేదు.

ఆరో వారం టీకా కోసం వెళ్లక తప్పలేదు. నర్సు పిల్ల ఒంటిమీది బట్టలన్నీ తీసి త్రాసులో పడుకోబెట్టింది. రెండు కిలోల ఏడు వందల అరవై.

"మీ త్రాసు చెడిపోయిందమ్మా," అన్నాడు మేస్త్రి. ఆయన సంచిలో తూకపు రాళ్లు ఎప్పుడూ ఉంటాయి. వరుస వరుసంతా చూస్తుండగా కిలో రాయి పెట్టాడు. కిలో చూపించింది. రెండు కిలోలది పెట్టాడు. రెండు చూపించింది. అయ్యో, ఆ త్రాసులో ఏ దోషమూ లేదు.

"ఇంట్లో బట్టతో తూచారా?" అని అడిగింది నర్సు.

"బట్ట బరువు తీసేశాను! సున్నా పెట్టి సీలు వేశాను!"

భార్య మొహం పాలిపోయింది. "చలి ఎక్కువైందని... గుడ్డ తీసేసి ఒక వారం బొంత వేశానండీ. తర్వాత ఇదిగో, ఇది," అంటూ చేతిలోని ఉన్ని దుప్పటి చూపించింది. నర్సు దాన్ని త్రాసులో వేసింది. అర కిలో. ఇన్నాళ్లూ పెరిగింది బట్టే. మేస్త్రి వారం వారం ముల్లును చూశాడు, సీలును చూశాడు, పళ్లెంలో ఏముందో చూడలేదు.

డాక్టరమ్మ ఆయన మీద కేకలు వేయలేదు. వేసినా బాగుండేది. "వారాల తరబడి బిడ్డ అర్ధాకలితో ఉంది. ఏడవనిది బుద్ధిగా ఉండి కాదండీ, ఏడవడానికి ఓపిక లేక," అంది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేశారు. రెండు రోజుల్లో బరువు ఎక్కితే భయం లేదు, ఎక్కకపోతే పెద్దాసుపత్రికి పంపాలి అన్నారు. ఆ పంపడం గురించి మేస్త్రి ఇంకేమీ అడగలేకపోయాడు.

మంచం పక్కన ఇద్దరూ కూర్చున్నారు. భార్య తిడితే పడదామని కాచుకున్నాడు. ఆవిడ తిట్టలేదు. "దుప్పటి వేసింది నేనేగా," అంది. అది విని ఆయన గుండె ఇంకా చెరువైపోయింది. "నీ మాట కొట్టేసిన నోరు నాదే, పాపం నాదే," అన్నాడు. ముప్పై ఐదేళ్ల పనితనం ఆ గదిలో ఎందుకూ కొరగాలేదు. గొట్టంలో పాలు దిగుతుంటే చూడటం తప్ప ఆయన చేయగలిగింది లేదు.

రెండో రోజు పొద్దున నర్సు మళ్లీ పిల్లను తూకం వేసింది. మేస్త్రి గోడకేసి తిరిగాడు. చూసే ధైర్యం లేదు.

"ఏడు వందల డెబ్భై!" అని అరిచింది భార్య. "ఏమండీ, పది గ్రాములు పెరిగిందండీ! పెరిగింది!" నెల తర్వాత ఆవిడ మొహంలో నవ్వు. కళ్లనీళ్లు కారిపోతున్నా తుడుచుకోవడం లేదు.

నర్సు కాగితం మీద అంకె వేసుకుని, డాక్టరమ్మను పిలవడానికి వెళ్లింది.

ఆ రకం త్రాసు పది గ్రాములు అటూ ఇటూ చూపిస్తుంది. పిల్లను దించి మళ్లీ పడుకోబెడితే నిన్నటి అంకే రావచ్చు, ఇంకా తగ్గినా తగ్గవచ్చు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే.

"చెప్పండీ, పెరిగినట్టేగా? మీకు తెలుస్తుందిగా?" భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది.

"పెరిగినట్టేనే," అన్నాడు మేస్త్రి.