అమ్మడి ఆకలి లెక్క

మా లాండ్రీ వెనక షెడ్డులో ఉన్న గ్యాసు ఇంజనుకి మామయ్య పెట్టుకున్న పేరు అమ్మడు. ఉతికే మిషన్లూ, ఆరబెట్టే డ్రమ్ములూ, ఇస్త్రీ రోలర్లూ దాని కరెంటు మీదే తిరుగుతాయి. మామయ్య దాన్ని నడుపుతాడు. నడుపుతాడనడం తప్పు, పెంచుతాడు.

ఆ అమ్మడిని ఉంచుకోవాలా, తుక్కుకి వేసెయ్యాలా తేల్చమని యజమాని నాకు అప్పగించాడు. ఒక యూనిట్ కరెంటు ఇవ్వడానికి ఇంజను ఎంత వేడిని మింగుతుందో, దాన్నే హీట్ రేటు అంటాం. పన్నెండు మెగాజౌళ్లు దాటితే తుక్కేనన్నాడాయన. మా వాళ్లందరిలో కాలేజీ గడప తొక్కింది నేనొక్కణ్ణే. తొక్కించింది మామయ్య. అయినా లెక్క లెక్కే కదా.

"ఎంత తింటోంది, ఎంత పనిచేస్తోంది, అంతేగా?" అంది అత్త. ఇస్త్రీ విభాగం ఆవిడ చేతిలోనే ఉంది. "ముందు ఆ లెక్కేదో మీ మామయ్యకి వెయ్యి."

పరీక్ష రోజు పొద్దున షెడ్డులో కూర్చుని రెండు మీటర్లూ చూశాను. కాలిన గ్యాసుని దాని వేడి విలువతో గుణించి, వచ్చిన యూనిట్లతో భాగించాను. పంతొమ్మిది! మళ్లీ వేశాను. పంతొమ్మిదే. పక్కనే మామయ్య, బిడ్డ రిజల్టు కోసం వచ్చిన తండ్రిలా నా లెక్కలోకి తొంగి చూస్తున్నాడు.

"పాసైందా?"

"మామయ్యా, ఇది వట్టి తిండిపోతు."

"ఒరే, అది వింటోంది. నోరు కడుక్కో!"

యూనిట్లు మరీ ఇంత తక్కువేమిటని అనుమానమొచ్చి లోపలికెళ్లాను. ఒక్క మిషను నీరసంగా తిరుగుతోంది. ఇస్త్రీ ఆడవాళ్లు కాళ్లు చాపుకుని కబుర్లలో ఉన్నారు.

"ఇవాళ సెలవా అత్తా?"

"అమ్మడికి పరీక్షట. అలసిపోకూడదని మీ మామయ్య అన్నీ కట్టేయించాడు."

మామయ్యకి కోపమొచ్చింది. "నీ పరీక్షలప్పుడు నీ చేత చెంబెడు నీళ్లన్నా మోయించామా? దీనికీ అంతే!"

"ఖాళీగా ఉన్నా తన ఒళ్లు తాను తిప్పుకోవడానికి దానికి గ్యాసు కావాలి మామయ్యా. ఒక్కడే ఎక్కిన బస్సుకి డీజిల్ ఖర్చు మొత్తం వాడి నెత్తినే పడదూ? బస్సు నిండాలి."

యజమాని మధ్యాహ్నానికల్లా వస్తాడు. మిషన్లన్నీ నింపడానికి మా దగ్గరున్న మాసిన బట్టలు చాలలేదు. అత్త కొంగు బిగించి వీధి మీద పడింది. మంగలి షాపు తువ్వాళ్లు, దర్జీ కొట్టు తెరలు, మా ఆఫీసు కుర్చీల గలీబులు, ఏదీ వదల్లేదు. చివరి ఉతికే మిషన్లో కాస్త చోటు మిగిలితే మామయ్య చొక్కా విప్పించింది. అమ్మడు గొంతు మారింది. గోడలు అదిరాయి. మామయ్య చెవులు మూసుకున్నాడు.

ఈసారి పదకొండున్నర వచ్చింది.

యజమాని రెండు లెక్కలూ చూశాడు, తేడా ఎందుకొచ్చిందో విన్నాడు, బనీనుతో నిలబడ్డ మామయ్యని ఎగాదిగా చూశాడు. "ఉంచండి. కానీ రోజూ ఇలా నిండుగానే నడపాలి."

మామయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలోనే మొహం వాడిపోయింది. "రోజూనా? పాపం కదండీ!"

"పాపమేమీ లేదు," అంది అత్త, తడిబట్టల గంప తెచ్చి ఆయన చేతుల్లో పెడుతూ. "తిండి మానకుండా ఖాళీగా తిరిగితేనే హీట్ రేటు పెరిగి తుక్కుకి వేస్తారట. చదువుకున్న అల్లుడు లెక్కేసి మరీ చెప్పాడు."

మామయ్య గంప మీంచి నా వైపు చూశాడు. నేను మీటరు వైపు తిరిగాను.