ఒళ్లు కాలే ఉత్తరాలు

ప్రూఫు బాబాయికి ఒక సుగుణం ఉంది: ఎవరి వాక్యాన్నీ దిద్దకుండా వదిలిపెట్టలేడు. తనకు బడి చదువు అట్టే లేదని, వచ్చిన నాలుగు ముక్కలూ ప్రెస్సులో తప్పులు దిద్దుతూ ఏరుకున్నవేనని ఆయనే నవ్వుతూ చెప్పుకునేవాడు. ఆ నవ్వు కూడా ఒకసారి దిద్దుకుని బయటికి తెచ్చినట్టే ఉండేది. ఆస్పత్రి గోడ మీద ‘ఇక్కడ ఉమ్మరాదు’ అని ఉంటే, పెన్సిలు తీసి ముందు ‘దయచేసి’ చేర్చి వచ్చాడు. ఉమ్మేవాళ్లు ఉమ్ముతూనే ఉన్నారు గానీ, గోడకి మర్యాద పెరిగింది.

ఆయన అక్క వేరే రకం. ఆడవాళ్ల ఒంటి గురించి ఇళ్లలో గొంతు తగ్గించి చెప్పుకునే మాటలన్నిటినీ పుస్తకాలుగా అచ్చేయించిన మనిషి. వీధి చివర ఆడవాళ్ల కోసం చిన్న క్లినిక్కు కూడా నడిపేది. చేతులు వణకడం మొదలయ్యాక, ఊరూరి నుంచీ ఆడవాళ్లు రాసే ఉత్తరాలకి ఆవిడ జవాబులు చెబుతుంటే తమ్ముడు రాసిపెట్టేవాడు.

రోజూ పొద్దున్నే పోస్ట్‌మాన్ సంచిలో తడిగుడ్డ పరుచుకుని వచ్చేవాడు. రాసినవాళ్లకి ఎంత జ్వరముంటే ఉత్తరానికీ అంత జ్వరం.

“ఇవాళ ఒకటి సంచికి చిల్లు పెట్టిందమ్మా.”

“కొత్త సంచి మీ ఆఫీసులో అడుగు నాయనా. వీళ్ల జ్వరాలు చూడనా, నీ సంచులు కుట్టనా?”

అక్క ఒక్కో ఉత్తరం మడతలో థర్మామీటరు పెట్టి చూసి, ఎక్కువ కాలుతున్నదానికి ముందు జవాబు చెప్పేది. జవాబు అక్కడికి చేరగానే ఇక్కడ ఉత్తరం చల్లబడేది. అప్పుడు దాన్ని బీరువాలో పెట్టేవాళ్లు.

చిల్లు పెట్టిన ఉత్తరం ఒక టైలరమ్మది. రొమ్ములో గడ్డ ఉంది, పెరుగుతోంది. ఇంట్లో చెబితే “ఆ మాట పైకి అంటారా?” అన్నారట.

“రాయరా,” అంది అక్క. “రా. రేపే రా. ఎవర్నీ అడక్కు. నేనుంటా.”

“అంతేనా?”

“ఇంకేం కావాలి?”

కాగితం మీద ఆ మాటలు బాబాయి కంటికి మరీ బోడిగా కనిపించాయి. ముత్యాల్లాంటి దస్తూరీతో ఇలా రాశాడు: ‘ప్రియ సోదరీ, ఆందోళన చెందవలదు. ఇంటి పెద్దలను సంప్రదించి, వారి అనుమతితో, వీలు చూసుకుని రాగలరు.’ అక్క చదవకుండానే సంతకం గీకింది. సొంత తమ్ముడు రాసింది మళ్లీ చదవడమేమిటని ఆవిడ ధీమా.

జవాబు వెళ్లింది. కిటికీలో పెట్టిన టైలరమ్మ ఉత్తరం మాత్రం చల్లబడలేదు.

“ఇంకా దిగలేదేంట్రా?”

“పోస్టు ఆలస్యం అక్కా.”

కొన్నాళ్లకి టైలరమ్మ నుంచి ఇంకోటి వచ్చింది. “దీనికి తడిగుడ్డ అక్కర్లేదమ్మా, చల్లగా ఉంది,” అన్నాడు పోస్ట్‌మాన్.

బాబాయి పొంగిపోయాడు. “చూశావా అక్కా, నా జవాబు... అదే, నీ జవాబు పనిచేసింది!”

అక్క థర్మామీటరు పెట్టింది. పాదరసం అసలు కదల్లేదు. విప్పి చదివింది. ‘మీరూ పెద్దల్నే అడగమన్నారు. అడిగాను. వద్దన్నారు. మీరు మాత్రం అలా అనరనుకున్నాను. ఇక రాయను.’ కిటికీలోని మొదటి ఉత్తరంలో మాత్రం వెచ్చదనం ఇంకా పూర్తిగా పోలేదు.

“నేనెప్పుడన్నానురా ఈ మాట?”

బాబాయి కళ్లజోడు తీసి తుడుచుకోసాగాడు. “కాస్త మర్యాదగా ఉంటుందనీ...”

“ఎన్ని ఉత్తరాల్లో?”

ఆయన తుడుస్తూనే ఉన్నాడు.

అక్క అరవలేదు. అరిస్తే బావుండేదనిపించింది బాబాయికి. “జీవితమంతా ఏ మాటల మీద పోట్లాడానో, వాటినే నా సంతకం పెట్టించి పంపావు కదరా. బయటివాళ్లెవరూ చెయ్యలేకపోయారీ పని. నా బల్ల దగ్గర కూర్చుని, నా టీ తాగుతూ నువ్వు చేశావు.”

కలం లాక్కుని తనే రాసింది. అక్షరాలు తాగినవాళ్లలా తూలాయి. రాస్తుండగానే కాగితం వేడెక్కింది. అక్క ఉత్తరానికి జ్వరం రావడం బాబాయి చూడటం అదే మొదటిసారి. ఆయన దస్తూరీలో వెళ్లినవన్నీ చల్లగానే వెళ్లాయి మరి.

“పోస్టు చెయ్యనా?”

“నువ్వే పట్టుకెళ్లు. ఆ పిల్ల జ్వరాన్ని అలా చల్లార్చింది నువ్వేగా.”

బస్సులో చొక్కా జేబు గోధుమరంగుకి తిరిగింది. పక్కన కూర్చున్నాయన కాస్త జరిగి, “జ్వరం ఉత్తరమా? కిటికీ వైపు రండి, గాలి తగులుతుంది,” అన్నాడు.

తలుపు తీసింది టైలరమ్మ అత్తగారు. “ఆ పెద్దావిడ దగ్గర్నుంచా? ముందు నాకివ్వండి. మొన్నటి ఉత్తరం ఎంత పద్ధతిగా రాసిందండీ! పెద్దల్ని అడగమంది. నేను వద్దన్నాను, సరిపోయింది.”

తన వాక్యాన్ని ఒక పాఠకురాలు మెచ్చుకోవడం బాబాయి జీవితంలో అదే మొదలు. ఆయన తల దించుకున్నాడు.

అత్తగారు కవరు అందుకుని, “అమ్మో!” అంటూ వదిలేసింది. అది జారి కుట్టుమిషను పక్కన పడింది. టైలరమ్మ వంగి తీసుకుంది. ఆవిడ చేతిని అది కాల్చలేదు. చదివింది. సూదిని గుడ్డకే వదిలేసి లేచి, చెప్పుల కోసం వెతికింది.

“ఎక్కడికే, అడక్కుండా?”

“అడక్కు అనే రాసుంది అత్తయ్యా,” అంటూ గడప దాటింది.

ఆ సాయంత్రం కిటికీలోని మొదటి ఉత్తరం చల్లబడింది. తర్వాత గడ్డ తీసేశారు. ఇంకాస్త ఆగి ఉంటే చేతులెత్తేసేవాళ్లమన్నాడు డాక్టరు. క్లినిక్కుకి ఇప్పుడు కొత్త కర్టెన్లున్నాయి, టైలరమ్మ కుట్టినవి.

అక్క తన జవాబులు తనే రాసుకుంటోంది, వంకరగా, నిదానంగా. బీరువాలోని పాత ఉత్తరాలన్నీ మళ్లీ బయటికి తీసింది. చల్లబడినవాటిలో ఏవి నయమై చల్లబడ్డాయో, ఏవి ఆశ వదులుకుని చల్లబడ్డాయో ఇప్పుడెలా తెలుస్తుంది? అందుకని అందరికీ కొత్తగా రాస్తోంది. బాబాయి పని స్టాంపులు అతికించడం. “అన్నం పెట్టాను”, “తలుపేసిరా” తప్ప ఆవిడ ఆయనతో వేరే మాట మాట్లాడదు.

క్షమాపణ అడుగుతూ బాబాయి అక్కకి చాలా ఉత్తరాలు రాశాడు. చక్కటి దస్తూరీ, చక్కటి ఉపోద్ఘాతం, ఒక్క తప్పు లేదు. ప్రతిదాన్లోనూ అక్క థర్మామీటరు పెట్టి, పాదరసం కదల్లేదని చూసి, దాన్ని విదిలించి డబ్బాలో పెట్టేస్తోంది. ‘తప్పు చేశానక్కా’ అని రాసి, అక్కడ ఆగడం ఆయనకి ఇప్పటికీ చేతకాలేదు.