చేప బొట్టు

మా బావగారికి కళ మీద మోజు పుట్టింది. ఆయన హోటల్లో కొత్త భోజనశాల తెరుస్తున్నాడు. గోడకి కోయ్ అనే జపాను రంగుచేప బొమ్మ కావాలట, దాని చుట్టూ రాలిన ఎర్రటి ఆకులు తేలాలట. నేను నీటిరంగులు వేస్తానని ఆయనకి అప్పుడే గుర్తొచ్చింది. అదివరకు నా పనిని 'పిల్లల కాలక్షేపం' అనేవాడు.

నేను ఒప్పుకున్నది అక్క కోసం. వాళ్ళ పెరటి కొలనులో కోయ్ చేపలన్నీ అక్క పెంచినవే. వాటిలో ఒళ్ళంతా తెల్లగా, తల మీద మాత్రం ఎర్రటి మచ్చ ఉన్న ముసలి చేపని బొట్టుపిల్ల అంటుంది. అది అక్క చేతిలోంచే మేత తింటుంది. దాన్ని బాగా వెయ్యమని, కళ్ళు సరిగ్గా పెట్టమని మరీ మరీ చెప్పింది.

రంగులు సర్దుకుని వెళ్ళేసరికి పెరడంతా మురుగు కంపు. చెట్లు ఇంకా పచ్చగానే ఉన్నాయి. అందుకని బావగారు వీధులు ఊడ్చేవాళ్ళ చేత బస్తాల కొద్దీ ఎండుటాకులు తెప్పించి, ముందు రోజే కొలనులో కుమ్మరించాడు. ఆకులతోపాటు సిగరెట్ పీకలు, ఎవరో నమిలి ఉమ్మిన పిప్పి కూడా తేలుతున్నాయి. నీళ్ళ మీద జిడ్డు తెట్టు కట్టింది. చేపలు ఆకుల సందుల్లోంచి మూతులు పైకి పెట్టి గాలి కోసం నోళ్ళు తెరుస్తున్నాయి.

ఆకులు నేను ఊహించి వేస్తానని, వీటిని తీయించేయమని అన్నాను.

"చూసి వేస్తేనే సహజంగా ఉంటుందమ్మా," అన్నాడు. బొమ్మ పూర్తి కానీ, తీయిస్తానన్నాడు. అక్క వలతో కాసిని ఆకులు తోడితే, వల లాక్కుని గదిలో పెట్టి తాళం వేశాడు.

"త్వరగా కానివ్వవే," అంది అక్క నా చెవిలో.

నీటిరంగుకి తొందర పనికిరాదు. తెలుపు కావాల్సిన చోట కాగితాన్ని అంటకుండా వదలాలి. ఒక పూత ఆరాకే దాని పక్కన ఇంకోటి పెట్టాలి. ఆ రోజేమో మబ్బు పట్టి, గాలంతా చెమ్మగా ఉండి ఏదీ ఆరట్లేదు. అక్క విసనకర్రతో విసురుతూ కూర్చుంది. తడి ఆరకముందే ఆకు ఎరుపు పెట్టాను. అది పాకి చేప తెలుపంతా మింగేసింది. బావగారు చూసి, చేపకి దెబ్బ తగిలినట్టుంది, ఇంకోటి వెయ్యమన్నాడు. రెండోది మొదలుపెట్టేసరికి చీకటి పడింది.

తెల్లారి వెళ్ళేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. బొట్టుపిల్ల రెక్కలు రెండు పక్కలకీ చాపుకుని ఉంది. పాలిపోయిన పొట్ట మీద ఈగలు వాలాయి. అక్క గట్టు మీద మేత డబ్బా పట్టుకుని కూర్చుంది. బావగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, బొమ్మలో బతికున్నట్టు వేసెయ్, ఎవరికి తెలుస్తుంది, అన్నాడు. ఆ మనిషి పక్కన నిలబడటానికే అసహ్యమేసింది.

అయినా కూర్చుని వేశాను. చూసి వెయ్యమన్నాడు కదా, చూసే వేశాను. వెల్లకిలా పడ్డ బొట్టుపిల్లని, తెరిచిన నోటిని, చాచిన రెక్కలని ఉన్నవి ఉన్నట్టు దించాను.

అద్దం బిగించకముందు బొమ్మని భోజనశాలలో బల్ల మీద పరిచాను. అక్క కూడా వచ్చింది. ఆహా, ఎంత హాయిగా ఈదుతోందో, అని బావగారు మురిసిపోయాడు. పదేళ్ళుగా తన పెరట్లో ఉన్న చేపకి వీపేదో పొట్టేదో ఆయనకి తెలియదు. తర్వాత కాస్త వంగి చూశాడు.

"ఎర్ర బొట్టు మర్చిపోయావే?"

నేను నోరు తెరిచేలోపే అక్క చెప్పింది. "మర్చిపోలేదండీ. అది చచ్చి వెల్లకిలా పడి ఉంది. బొట్టు నీళ్ళలోకి ఉంది."

ఆయన బొమ్మలో చేప మీద వేలు పెట్టాడు. "అయితే ఏం? పైనే పెట్టెయ్. తినేవాళ్ళకేం తెలుస్తుంది?"

మీరే పెట్టుకోండని కుంచె ఆయన చేతికిచ్చాను. సిగ్గుపడతాడేమో అనుకున్నాను. ఆయన కుంచెని ఎరుపులో నిండా ముంచి, చేప పొట్ట మధ్యలో శ్రద్ధగా బొట్టు పెట్టాడు. రంగు ఎక్కువై కిందికి కారింది. దాన్ని చొక్కా చేతితో ఒత్తుతూ, బాగానే ఉంది కదా, అని అక్కని అడిగాడు.

అక్క ఆయన చేతిని చూసింది. తర్వాత నా రంగుల పెట్టె మూసి చంకన పెట్టుకుంది.

"పద, మీ ఇంటికెళ్దాం," అంది నాతో.