కుడికి తిరగని గుల్ల

నేను ఒక నత్తగుల్లను. శనగగింజంత ఉంటాను. ఆ మాత్రానికే మొహం తిప్పుకోకండి, ఓ పెద్దమనిషి చేత మాట వెనక్కి తీయించినదాన్ని.

అనంతగిరి వైపు ఒక సున్నపురాయి కొండ మాది. లోపలి నత్త తడిరాళ్ల మీది నాచు తింటూ నన్ను చుట్టు మీద చుట్టుగా కట్టుకుంది, అదీ ఎడమకు. లోకంలో నత్తలు చాలావరకు కుడికి చుట్టుకుంటాయి. మేం చుట్టుకోం. అది మా ఇష్టం.

నత్త పోయాక రాయి కింద పడివున్న నన్ను పరిమళ ఏరింది. టెక్కలి పిల్ల, నత్తల మీద పరిశోధన చేస్తోంది. ఆ కొండను క్వారీకి ఇవ్వాలని చూస్తున్నారు. పేరు లేని ప్రాణి సర్కారు దృష్టిలో లేనట్టే. లేనివాళ్ల కొండను పేలుస్తుంటే ఎవరు అడ్డొస్తారు? అందుకే పరిమళ నెలల తరబడి నన్ను భూతద్దం కింద చూసి, బారెడు లాటిన్ పేరు పెట్టింది. జాతి పేరును ఒక్క గుల్లకు ముడివేయడం వీళ్ల ఆచారం. ఆ గుల్ల నేనే.

గుల్లను మొన పైకి, నోరు మనకేసి పెట్టి ఫోటో తీయడం ఇంకో ఆచారం. అలా పెడితే చాలా గుల్లలకు నోరు కుడిపక్కన ఉంటుంది. నాది ఎడమన కనపడేసరికి, పత్రికలో పేజీలు కట్టే ఆయన బొమ్మ తిరగబడిందనుకుని, పాపం, సరిచేసి అచ్చేశాడు! ఎంత మండిందో నాకు. అది చూసి నత్తల శాస్త్రంలో ఘనాపాఠీ కేదారేశ్వరరావుగారు తేల్చిపారేశారు: ఇది కుడికి చుట్టుకునే పాత నత్తే, కొత్త పేరు చెల్లదు. పరిమళ రాతలో ఎడమ అని ఉంది కదా అంటే, అమ్మాయి పొరపడిందన్నారు. నన్ను కంటితో చూడకుండానే!

పరిమళ ఏడుస్తూ కూర్చోలేదు. నన్ను దూదిలో చుట్టుకుని ఆయన గదికే వెళ్లింది.

"బొమ్మని తిప్పీసినారు సార్. దీన్ని తిప్పండి, చూద్దాం."

ఆయన నవ్వి నన్ను అరచేతిలోకి తీసుకున్నారు. తిప్పారు. మళ్లీ తిప్పారు. మొన పైకి పెట్టి చూసిన ప్రతిసారీ నా నోరు ఎడమకే. ఆయన నవ్వు పోయింది.

"ఇదొక్కటే ఇలా పుట్టిందేమోనమ్మా?"

పరిమళ డబ్బా మూత తీసి మావాళ్లందరినీ బల్ల మీద పోసింది. "అన్నీ ఇలాగే ఉన్నాయండి. ఆ కొండ మీద ఇవే దొరికినాయి."

ఆయన ఒక్కొక్కదాన్నీ మొన పైకి పెట్టి చూశారు. "పేరు ఉండనీ," అన్నారు చివరికి. "నాదే తప్పని నేను రాస్తాను."

ఇప్పుడు మ్యూజియం సొరుగులో ఉన్నాను. కొండ సంగతి ఇంకా తేలలేదు. తేలేదాకా నేను ఊరుకోను. దాన్ని పేలుస్తామని వచ్చే ప్రతివాడూ ముందు అధికారుల ఎదుట నా పేరు పలకాలి. నోరు తిరగకపోతే, నేర్చుకుని రమ్మనండి.